పతకం, పాయింటు, పారితోషికం: ఫిలిప్పీన్స్ ట్రయాథ్లెట్ వృత్తి జీవితం ఎలా నడుస్తుంది

ఈ మధ్య తెలుగు పత్రికల్లో ఫలానా ఊరి డాక్టరో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరో, పోలీసు అధికారో ఈత, సైక్లింగ్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్‌లో దూరపు పోటీ అయిన ‘ఐరన్‌మ్యాన్’ పూర్తి చేశారన్న వార్తలు తరచుగా కనిపిస్తున్నాయి. 2019లో గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ మొదలైన తరువాత ఈ ఆట పేరు మన ఇళ్లలోకి కూడా వచ్చింది. అయితే ఆ వార్తల్లోని వారందరూ వేరే ఉద్యోగం చేసుకుంటూ, ప్రవేశ రుసుము చెల్లించి, తమ వయసు విభాగంలో పోటీపడేవారే. ఇదే ఆటను బతుకుదెరువుగా చేసుకున్నవారు వేరే ఉన్నారు. వారి జీవితం ఎలా సాగుతుందో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, గెలుపును దేనితో కొలుస్తారో బయటివారికి అంత సులభంగా అర్థం కాదు.

ఈ విషయంలో ఫిలిప్పీన్స్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆగ్నేయాసియాలో ఆ దేశపు ట్రయాథ్లెట్లు దాదాపు పదేళ్లుగా ముందు వరుసలో ఉన్నారు. ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలకు ఆసియాలో పేరున్న వేదికల్లో సెబు ఒకటి. అయినా 2000లో సిడ్నీలో ట్రయాథ్లాన్ ఒలింపిక్ క్రీడ అయినప్పటి నుంచి 2024 పారిస్ వరకు ఫిలిప్పీన్స్ తరఫున ఒక్క ట్రయాథ్లెట్ కూడా ఆ క్రీడల్లో పాల్గొనలేదు. ఈ మూడు వాస్తవాలూ ఒకే దేశానికి చెందినవి కావడమే చాలామందిని గందరగోళపెడుతుంది.

ఒకే పేరుతో రెండు ఆటలు

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైక్లింగ్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయడం. ఒక దశ నుంచి మరో దశకు మారే సమయం కూడా గడియారంలో కలుస్తుంది. దీనిలో ప్రామాణిక దూరం, అంటే ఒలింపిక్ దూరం, 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్, 10 కిలోమీటర్ల పరుగు. ఇందులో సగం ఉంటే స్ప్రింట్ అంటారు. ఐరన్‌మ్యాన్ 70.3లో 1.9 కిలోమీటర్లు ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. మొత్తం 70.3 మైళ్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. పూర్తి ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు.

దూరం కన్నా ముఖ్యమైన తేడా సైకిల్ నియమంలో ఉంది. ఒలింపిక్ తరహా అగ్రశ్రేణి పోటీల్లో ముందున్న సైక్లిస్టు వెనుక దగ్గరగా తొక్కి గాలి ఒత్తిడిని తప్పించుకోవచ్చు. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. ఐరన్‌మ్యాన్ పోటీల్లో అది నేరం. నిర్ణీత దూరం పాటించకపోతే సమయ శిక్ష పడుతుంది. అందువల్ల మొదటి రకంలో ఈతలో వెనుకబడినవారికి గుంపు చేజారిపోతుంది, రెండో రకంలో ఒంటరిగా గంటల తరబడి నిలకడగా తొక్కగలిగినవారికి మేలు జరుగుతుంది. రెంటికీ సైకిలు వేరు, శిక్షణ వేరు, పోటీలను నడిపే సంస్థలు వేరు. మొదటిది వరల్డ్ ట్రయాథ్లాన్ అనే అంతర్జాతీయ సమాఖ్య పరిధిలోది. రెండోది ప్రధానంగా ఐరన్‌మ్యాన్ వంటి వ్యాపార సంస్థలు నిర్వహించేది. ఒక ఫిలిప్పీన్స్ క్రీడాకారిణి ఈ రెంటిలో దేనికి తన ఉత్తమ సంవత్సరాలు ఇవ్వాలన్నదే ఆమె వృత్తి జీవితంలోని అసలు ప్రశ్న.

అక్కడ ‘ప్రొఫెషనల్’ ఎవరు

ఈ మాటకు ఫిలిప్పీన్స్‌లో కనీసం మూడు అర్థాలున్నాయి. చట్టపరంగా చూస్తే, జీతానికి లేదా ప్రతిఫలానికి ఆడే క్రీడాకారులను గేమ్స్ అండ్ అమ్యూజ్‌మెంట్స్ బోర్డు పర్యవేక్షిస్తుంది. బాక్సర్లు, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు దాని లైసెన్సు తీసుకుంటారు. జాతీయ జట్టు సభ్యుల బాధ్యత మాత్రం 1990లో చట్టం ద్వారా ఏర్పడిన ఫిలిప్పీన్ స్పోర్ట్స్ కమిషన్‌ది. నెలవారీ భృతి, శిక్షణ ఖర్చులు, విదేశీ ప్రయాణాలు దాని నుంచి వస్తాయి. ఈ రెండు సంస్థల మధ్య గీత ఎక్కడ ఉందన్న సందేహం పెరగడంతో 2020లో అవి ఉమ్మడి తీర్మానం చేసి నిర్వచనాలను స్పష్టం చేయవలసి వచ్చింది.

ఐరన్‌మ్యాన్ వ్యవస్థలో ‘ప్రో’ అంటే వయసు విభాగాలకు బయట, విడిగా పోటీపడి, నగదు బహుమతికి అర్హత పొందేవారు. వరల్డ్ ట్రయాథ్లాన్ పరిధిలో మాత్రం వాడే మాట ‘ఎలీట్’. ఒకే వ్యక్తి కమిషన్ దృష్టిలో భృతి తీసుకునే జాతీయ క్రీడాకారిణి, వరల్డ్ ట్రయాథ్లాన్ దృష్టిలో ఎలీట్, స్పాన్సర్ ప్రకటనలో ప్రొఫెషనల్ ట్రయాథ్లెట్ కావచ్చు. మూడూ నిజమే. వాటిలో ఏ ఒక్కటీ ఆమె ఖర్చులన్నీ తీర్చదు.

భృతి ఎంత భద్రమైనదో 2020లో తేలింది. కమిషన్ నిధుల్లో పెద్ద భాగం పాగ్‌కార్ అనే ప్రభుత్వ జూద సంస్థ ఆదాయంలోని వాటా. కోవిడ్ వల్ల క్యాసినోలు మూతపడగానే ఆ వాటా పడిపోయింది, జాతీయ క్రీడాకారుల భృతి సగానికి తగ్గింది. తరువాత దాన్ని పునరుద్ధరించారు. మనీలాలోని జూదశాలలకు, తెల్లవారుజామున సముద్రంలో ఈదే క్రీడాకారిణి భోజన ఖర్చుకు ఇంత సూటి సంబంధం ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

కిమ్ మాంగ్రోబాంగ్ పతకాల వరుస

ఈ వ్యవస్థ ఒక మనిషి జీవితంలో ఎలా పనిచేస్తుందో చూడడానికి కిమ్ మాంగ్రోబాంగ్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆమె ప్రయాణానికి కొలమానం ఆగ్నేయాసియా క్రీడలు. అక్కడివారు సీ గేమ్స్ అని పిలిచే ఈ క్రీడలు రెండేళ్లకోసారి జరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లో సాధారణ ప్రేక్షకుడికి ఒలింపిక్స్ తరువాత అంత ఆసక్తి వీటి మీదే.

2015లో సింగపూర్‌లో మహిళల స్వర్ణం మాంగ్రోబాంగ్ సహచరి క్లెయిర్ అదోర్నాకు దక్కింది. పురుషుల స్వర్ణం నిక్కో హువెల్గాస్‌ది. 2017లో కౌలాలంపూర్‌లో హువెల్గాస్ మళ్లీ గెలిచాడు, మహిళల్లో స్వర్ణం ఈసారి మాంగ్రోబాంగ్‌కు వచ్చింది. 2019లో ఫిలిప్పీన్స్ ఆతిథ్యం ఇచ్చింది. ట్రయాథ్లాన్ పోటీలు సుబిక్ బేలో జరిగాయి. పురుషుల్లో జాన్ చికానో స్వర్ణం, సెబు ప్రాంతానికి చెందిన యువకుడు ఆండ్రూ కిమ్ రెమోలినో రజతం సాధించారు. మహిళల్లో మాంగ్రోబాంగ్ స్వర్ణం, అదోర్నా రజతం. డ్యుయథ్లాన్‌లో మహిళల స్వర్ణం మరో ఫిలిప్పీన్స్ క్రీడాకారిణి మోనికా టోరెస్‌కు దక్కింది. ఇందులో ఈత ఉండదు. పరుగు, సైక్లింగ్, మళ్లీ పరుగు ఉంటాయి.

కోవిడ్ వల్ల వాయిదాపడి 2022 మేలో వియత్నాంలో జరిగిన క్రీడల్లో మాంగ్రోబాంగ్ ట్రయాథ్లాన్ స్వర్ణాన్ని నిలబెట్టుకుని, డ్యుయథ్లాన్‌లో కూడా స్వర్ణం సాధించింది. ఈ మధ్యకాలంలో ఆమె పోర్చుగల్‌లో శిక్షణ పొందుతూ టోక్యో ఒలింపిక్స్ అర్హత కోసం ప్రయత్నించింది. ఆ ప్రయత్నం ఫలించలేదు. 2023లో కంబోడియాలో ట్రయాథ్లాన్ స్వర్ణం ఆతిథ్య దేశానికి చెందిన మార్గో గారాబెడియన్‌కు దక్కగా మాంగ్రోబాంగ్ రజతంతో తిరిగివచ్చింది.

ఇంతకాలం ఒక ప్రాంతంలో అగ్రస్థానంలో నిలవడం చిన్న విషయం కాదు. మూడు వేర్వేరు క్రీడల్లో ఏకకాలంలో పదును నిలుపుకోవాలి. ఒకదానికి ఎక్కువ సమయం ఇస్తే రెండోది తరుగుతుంది, మడమకో మోకాలికో గాయమైతే ఏడాది పోతుంది. అయినా ఆమె పేరు వచ్చినప్పుడల్లా ‘మరి ఒలింపిక్స్ సంగతి?’ అన్న ప్రశ్న వెంటే వస్తుంది. దానికి సమాధానం చెప్పే ముందు పతకం ఏమి తెచ్చిపెడుతుందో చూడాలి.

స్వర్ణానికి చట్టం కట్టిన వెల

2015లో వచ్చిన రిపబ్లిక్ యాక్ట్ 10699 అంతర్జాతీయ పతకాలకు నగదు ప్రోత్సాహకాలను నిర్ణయించింది. సీ గేమ్స్ వ్యక్తిగత స్వర్ణానికి 3 లక్షల పెసోలు, రజతానికి లక్షన్నర, కాంస్యానికి 60 వేలు. ఆసియా క్రీడల స్వర్ణానికి 20 లక్షలు, రజతానికి 10 లక్షలు, కాంస్యానికి 4 లక్షలు. ఒలింపిక్ స్వర్ణానికి కోటి పెసోలు. కోచ్‌కు ఆ మొత్తంలో సగానికి సమానమైన ప్రోత్సాహకం విడిగా అందుతుంది. జాతీయ క్రీడాకారులకు ప్రయాణం, బస వంటి వాటిపై 20 శాతం తగ్గింపు కూడా చట్టంలో ఉంది.

దీన్ని మాంగ్రోబాంగ్‌కు అన్వయించి చూద్దాం. 2019లో వ్యక్తిగత స్వర్ణానికి చట్టప్రకారం 3 లక్షల పెసోలు. ఆనాటి మారకంలో ఇది సుమారు నాలుగు లక్షల ఇరవై వేల రూపాయలు. తరువాతి సీ గేమ్స్ రెండున్నరేళ్లకు, అంటే 2022 మేలో జరిగాయి. మూడు లక్షలను 30 నెలలకు పంచితే నెలకు 10 వేల పెసోలు. మంచి పోటీ సైకిలు, చక్రాలు, బూట్లు, ఫిజియోథెరపీ, పోటీకి వెళ్లే విమానంలో సైకిలు పెట్టెకు అదనపు రుసుము, వీటన్నిటి ముందు ఆ మొత్తం పెద్దదేమీ కాదు. ప్రాంతంలో సాటిలేని సంవత్సరంలోనే లెక్క ఇలా ఉంటే, రజతంతో తిరిగివచ్చిన క్రీడాకారుల పరిస్థితి ఊహించవచ్చు. అందుకే భృతి, స్పాన్సర్లు, కొన్నిసార్లు ఇతరులకు కోచింగ్ ఇవ్వడం, అన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది.

ఈ ఏర్పాటును సమర్థించేవారి వాదనలో బలం ఉంది. పేద, మధ్యతరగతి కుటుంబాల నుంచి వచ్చేవారికి ప్రభుత్వ భృతి లేకపోతే ఇంత ఖరీదైన ఆటలోకి అడుగుపెట్టే దారే ఉండదు. పతకానికి ముందే ప్రకటించిన వెల ఉంటే పక్షపాతానికి చోటు తగ్గుతుంది. విమర్శకులు చెప్పేది కూడా కొట్టిపారేయలేనిది. పతకం వచ్చాక ఇచ్చే డబ్బు గెలిచినవారికి బహుమతి అవుతుంది, గెలవడానికి ముందు అయిదేళ్ల పెట్టుబడి మాత్రం కాదు. పైగా సీ గేమ్స్ పతకానికి ఖాయమైన విలువ ఉన్నప్పుడు, ప్రపంచ పోటీల్లో ముప్పయ్యో స్థానం కోసం ఎవరు ఎందుకు తపించాలి? నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే కీలకం, ఎందుకంటే ఒలింపిక్స్ దారి ఆ ముప్పయ్యో స్థానం గుండానే వెళుతుంది.

ఒలింపిక్ అర్హత లెక్కలో ఏం జరుగుతుంది

పారిస్‌లో వ్యక్తిగత ట్రయాథ్లాన్‌లో పురుషులకు 55, మహిళలకు 55 స్థానాలు. బలమైన దేశానికి గరిష్ఠంగా ముగ్గురు. ఈ స్థానాల్లో ఎక్కువ భాగం పురుషులు, మహిళలు ఒకే జట్టుగా వంతులవారీగా పోటీపడే మిక్స్‌డ్ రిలే ద్వారా, రెండేళ్లపాటు సేకరించే ర్యాంకింగ్ పాయింట్ల ద్వారా నిండుతాయి. అప్పటికీ ప్రాతినిధ్యం లేని దేశాల కోసం ఒక్కో ఖండానికి కొత్త జెండా పేరుతో ఒక్కో స్థానం కేటాయిస్తారు. ఆసియాలో జపాన్ చాలా ముందుంటుంది. చైనా, హాంకాంగ్, కొరియా, కజకస్తాన్ కూడా గట్టి పోటీదారులు. ఫిలిప్పీన్స్‌కు మిగిలే దారి ఆ ఒక్క స్థానమే, దాని కోసం కూడా ప్రపంచ ర్యాంకింగ్‌లో తగినంత పైకి రావాలి.

పాయింట్లు వచ్చేది వరల్డ్ ట్రయాథ్లాన్ చాంపియన్‌షిప్ సిరీస్, వరల్డ్ కప్పులు, ఖండస్థాయి చాంపియన్‌షిప్పులు, కప్పుల నుంచి. వరల్డ్ కప్పు విజేతకు 500 పాయింట్లు, ఆ తరువాత ప్రతి స్థానానికి 7.5 శాతం చొప్పున తరుగుతాయి. రెండో స్థానానికి 462.5, పదో స్థానానికి సుమారు 248, ఇరవయ్యో స్థానానికి 114, ముప్పయ్యో స్థానానికి 52. విజేత సమయం కన్నా నిర్ణీత శాతం మించి ఆలస్యమైతే స్థానం ఏదైనా పాయింట్లు రావు.

ఇప్పుడు ఒక ఊహాత్మక పురుషుల పోటీని చూద్దాం. విజేత 1 గంట 48 నిమిషాల్లో ముగించాడనుకుందాం. గడువు అయిదు శాతమైతే 5 నిమిషాల 24 సెకన్ల లోపు వచ్చినవారికే పాయింట్లు. మన క్రీడాకారుడు ఈతలో ముందు గుంపు కన్నా 40 సెకన్లు వెనుకబడ్డాడు. ముందు గుంపు ఒకరి నీడలో ఒకరు మలుపు తీసుకుంటూ గంటకు 42 కిలోమీటర్ల వేగంతో 40 కిలోమీటర్లను 57 నిమిషాల 9 సెకన్లలో పూర్తి చేస్తుంది. ఇతను ఒంటరిగా గాలిని చీల్చుకుంటూ 39 కిలోమీటర్ల వేగం నిలుపుకున్నా 61 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. నలభై సెకన్ల లోటు సైకిలు దిగేసరికి 5 నిమిషాల 3 సెకన్లయింది. ఇక పది కిలోమీటర్ల పరుగులో విజేత కన్నా 21 సెకన్లకు మించి ఆలస్యమైతే ఆ పోటీకి పాయింట్లు సున్నా. విమాన టికెట్టు, హోటలు, ప్రవేశం, వారం రోజుల శ్రమ అన్నీ పోయినట్టే.

ఈతలో ఆ నలభై సెకన్లను సంపాదించాలంటే బాల్యం నుంచే పోటీ ఈత నేపథ్యం కావాలి, ప్రతివారం బలమైన గుంపుతో ఈదే అవకాశం కావాలి. వాతావరణం కూడా ఇక్కడ అడ్డుపడుతుంది. ఎలీట్ పోటీల్లో 1500 మీటర్ల వరకు ఈతకు నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటితే వెట్‌సూట్, అంటే చలిని ఆపి శరీరాన్ని నీటిపై తేల్చే రబ్బరు దుస్తు, వేసుకోకూడదు. ఫిలిప్పీన్స్ సముద్రం ఏడాదంతా అంతకన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడి క్రీడాకారులకు వెట్‌సూట్‌లో ఈదే అలవాటు ఉండదు. చలి నీటి ఐరోపా పోటీల్లో అది తెలిసిన ప్రత్యర్థుల పక్కన ఈదవలసి వస్తుంది. మాంగ్రోబాంగ్ వంటివారు పోర్చుగల్‌కు వెళ్లడంలోని తర్కం ఇదే. అక్కడి నుంచి ఐరోపా పోటీలకు ప్రయాణం తక్కువ, సాధనలో తోడుగా బలమైనవారు ఉంటారు. అయితే విదేశంలో ఏడాదిలో ఎక్కువ భాగం గడపడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి, ఆ డబ్బు పెట్టేవారు రెండేళ్లకోసారి సీ గేమ్స్ స్వర్ణాన్ని ఆశిస్తారు. సీ గేమ్స్ కోసం శిక్షణ తారస్థాయికి తెచ్చుకుంటే అదే కాలంలో జరిగే పాయింట్ల పోటీలు దెబ్బతింటాయి. రెండు గుర్రాల మీద స్వారీ చేయమన్నట్టు ఉంటుంది వారి పరిస్థితి.

కాబట్టి ఒలింపిక్స్‌కు వెళ్లలేదన్న కారణంతో ఒక ఫిలిప్పీన్స్ ట్రయాథ్లెట్ వృత్తిని వైఫల్యంగా లెక్కగట్టడం అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను. భారతదేశం నుంచి కూడా ఇంతవరకు ఒలింపిక్ ట్రయాథ్లాన్‌కు ఎవరూ అర్హత సాధించలేదు. మనవారి ముందున్న లెక్క కూడా ఇదే.

సెబు, సుబిక్: ఇంటి దగ్గరి పెద్ద పోటీలు

ఫిలిప్పీన్స్‌లో మొదటి ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ 2009లో కామరినెస్ సూర్‌లో జరిగింది. 2012లో సెబుకు మారింది. మాక్టాన్ దీవి తీరంలో ఈత, వంతెన దాటి నగర రహదారులపై సైక్లింగ్, దారి పొడవునా జనం కేకలు. ఒకప్పుడు అమెరికా నౌకాదళ స్థావరంగా ఉండి, 1992లో వారు ఖాళీ చేసిన తరువాత స్వేచ్ఛా వాణిజ్య మండలంగా మారిన సుబిక్ బే మరో వేదిక. వెడల్పాటి రహదారులు, అదుపులో ఉన్న వాహనాల రాకపోకలు, ప్రశాంతమైన అఖాతం పోటీలకు అనుకూలం. దేశపు తొలి పూర్తి దూరపు ఐరన్‌మ్యాన్ 2018లో అక్కడే జరిగింది.

ఈ పోటీల్లో ప్రో విభాగానికి ఆస్ట్రేలియా, ఐరోపాల నుంచి ప్రపంచ స్థాయి క్రీడాకారులు వచ్చి బహుమతులు తీసుకువెళ్లేవారు. స్థానికులకు, ఆసియావారికి గుర్తింపు దక్కాలని ఫిలిప్పీన్స్ పోటీల్లో ‘ఏషియన్ ఎలీట్’ అనే ప్రత్యేక విభాగం పెట్టారు. జాతీయ జట్టువారు అందులో తలపడ్డారు. దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. ఇంటి ప్రేక్షకుల ముందు ఇంటి పేరు విజేతగా వినిపిస్తే స్పాన్సర్లు వస్తారని, పిల్లలు ఆటలోకి వస్తారని ఒకటి. ప్రపంచ ప్రోలతో నేరుగా తలపడకుండా పక్కన వేరే మెట్టు కడితే అంతరం తగ్గదని మరొకటి. నాకు మొదటి వాదన వైపు మొగ్గు. స్పాన్సర్ లేని క్రీడాకారుడు అంతరాన్ని తగ్గించే పోటీ దాకా చేరనే చేరడు.

స్పాన్సర్ల దృష్టి కూడా ఇక్కడే ఉంటుంది. సైకిళ్లు, బూట్లు, పానీయాలు కొనే వయసు విభాగపువారు వేల సంఖ్యలో సెబుకు వస్తారు. వారు గుర్తుపట్టే ముఖం జాతీయ జట్టులోని ఛాంపియన్‌దే. అందువల్ల ఐరన్‌మ్యాన్ బహుమతి చిన్నదైనా, అక్కడ కనిపించడం వల్ల వచ్చే ఒప్పందం పెద్దది కావచ్చు.

దేశం తరఫున ఎవరు పోటీపడాలి

2023 కంబోడియా ఫలితం తరువాత ఈ చర్చ మళ్లీ తలెత్తింది. గారాబెడియన్ ఫ్రాన్స్ నుంచి వచ్చి కంబోడియా పౌరసత్వంతో పోటీపడింది. నియమాల ప్రకారం అందులో తప్పులేదు. ప్రాంతీయ క్రీడలు ఆ ప్రాంతంలో పెరిగినవారి కోసమేనని భావించేవారికి ఇది మింగుడుపడలేదు. అయితే ఫిలిప్పీన్స్ కూడా విదేశాల్లో స్థిరపడిన కుటుంబాల నుంచి క్రీడాకారులను తీసుకుంటుంది. 2022లోను, 2023లోను పురుషుల స్వర్ణాలు గెలిచిన ఫెర్నాండో కాసరెస్ ఫిలిపినో, స్పానిష్ మూలాలున్నవాడు. రక్తసంబంధం ఉన్నవారికీ, కొత్తగా పౌరసత్వం పొందినవారికీ తేడా ఉందని కొందరంటారు. స్పెయిన్‌లాంటి చోట శిక్షణ పొందినవారి అనుభవం మిగతా జట్టుకు పాఠమవుతుందని మరికొందరంటారు. స్థానికంగా శిక్షణ పొందుతున్న కుర్రవాడికి జట్టులో చోటు తగ్గితే ఆ పాఠం ఎవరికన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

వేగం తగ్గిన తరువాత

ఒలింపిక్ దూరంలో ముప్పై దాటాక ఆఖరి పరుగులో వేగం తగ్గడం సహజం. దూరపు పోటీల్లో మాత్రం ఆ వయసులోనే ఓర్పు పండుతుంది. ఫిలిప్పీన్స్ ట్రయాథ్లెట్లకు సీ గేమ్స్ తరువాత 70.3 వైపు మళ్లే దారి అందుకే సహజంగా కనిపిస్తుంది. కోచింగ్ మరో దారి. తమ సెలవు రోజుల్లో సెబు పోటీకి సిద్ధమయ్యే ఉద్యోగులకు శిక్షణ ప్రణాళికలు రాసివ్వడానికి మాజీ జాతీయ క్రీడాకారుల పేరుకు విలువ ఉంది, ఆ ఆదాయం భృతిలా క్యాసినోల మీద ఆధారపడదు.

పాలన మూడో దారి. రెండుసార్లు స్వర్ణం గెలిచిన హువెల్గాస్ తరువాత ఫిలిప్పీన్ ఒలింపిక్ కమిటీలో అథ్లెట్ల కమిషన్‌కు నాయకత్వం వహించాడు. క్రీడాకారుల అవసరాలు, నిర్ణయాలు తీసుకునేవారి ముందుకు వెళ్లవలసింది అలాంటి వేదికల ద్వారానే. భృతి నెల తప్పకుండా రావడం ఎంత అవసరమో, సైకిలు పెట్టెకు విమానంలో ఎంత ఖర్చవుతుందో తన చేతి నుంచి కట్టి తెలుసుకున్న మనిషి ఆ కుర్చీలో ఉండడం, పద్దులు రాసేవారికి ఇంకెవరూ చెప్పలేని సంగతులను చేరవేస్తుంది.